దీవాన్‌ఖానాలో దఫ్తర్

ఇంట్లో కూచుని నౌకరీ చేయడం 2020 లాక్‌డౌన్‌తో మొదలైందని చాలామంది ఖయాల్. మా భాంజీ ఖయాల్ కూడా అదే. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ నౌకరీ, వారంలో మూడు రోజులు రామన్నపేటలో ఇంటి నుంచే పని. మొన్నామధ్య ఫోన్లో కొన్ని ఫోటోలు చూపించి, "మామూ, ముందరి కమ్రాను ఇట్ల చేయిద్దామనుకుంటున్న, ఎట్లుంది?" అని అడిగింది. ముదురు ఆకుపచ్చ గోడ. టేకు బల్ల. కేన్ అల్లిన కుర్చీ. గోడలో చిన్న గూడు, అందులో ఇత్తడి దీపం. కింద చారల శత్రంజీ, దాని మీద ఇకత్ దిండ్లు. దీన్ని రెట్రో మోడర్న్ అంటారట. పాతదనం, కొత్తదనం కలిపి కొట్టడం.

"బాగుంది బేటా" అన్నాను. నిజంగానే బాగుంది. కానీ ఆ ఫోటోలో ఉన్న ఒక్కొక్క సామానుకు మా ఇలాఖాలో ఒక తారీఖ్ ఉంది. ఆ గూడు ఎందుకుండేదో, ఆ శత్రంజీ మీద ఎవరు కూచునేవారో, కూచునే హక్కు లేక ఎవరు వాకిట్లో నిలబడేవారో ఫోటో చెప్పదు. గోడలకు రంగు వేసుకునే ముందు ఆ తారీఖ్ కొంచెం తెలుసుకుంటే తప్పులేదని ఇది రాస్తున్నా.

ముందు లఫ్జుల సంగతి చూద్దాం దోస్తులారా. ఈ గది కథ సగం లఫ్జుల్లోనే దొరుకుతుంది.

దఫ్తర్ అంటే ఇప్పుడు ఆఫీసు. కానీ దాని జాడ పట్టుకుని వెనక్కి పోతే గ్రీకు భాషలో 'దిఫ్తెరా' దగ్గర తేలుతుంది. అర్థం తోలు. తోలు మీద రాసేవారు గనుక రాసిన తోలు దఫ్తర్ అయింది, తర్వాత లెక్కల పుస్తకం దఫ్తర్ అయింది, చివరికి ఆ పుస్తకాలు పెట్టే కమ్రా దఫ్తర్ అయింది. (గొంతులో తోలులాంటి పొర కట్టే బీమారీకి డిఫ్తీరియా అని పేరొచ్చింది కూడా ఆ గ్రీకు మాట నుంచే. దఫ్తర్లో పని పడినవాళ్లకు ఈ చుట్టరికం వింతగా అనిపించదు.)

దీవాన్ ఇంకా దూరం నడిచింది. మొదట అది ఒక రిజిస్టర్. రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ కాలంలో సిపాయిలకు, వాళ్ల ఖాందాన్లకు ఇచ్చే వజీఫాల జాబితాను దీవాన్ అన్నారు. ఆ రిజిస్టర్ ఉన్న చోటు దీవాన్ అయింది, ఆ చోటును నడిపే వజీర్ దీవాన్ అయ్యాడు, శాయర్ తన గజళ్లన్నీ ఒకచోట కడితే అదీ దీవాన్ అయింది. ఉస్మానియా తుర్కుల దర్బారులో గోడ పొడుగునా దిండ్లు వేసి కూచునేవారు. అది చూసిన యూరప్ వాళ్లు ఆ మెత్తటి ఆసనాన్నే దీవాన్ అనుకుని తమ దేశాలకు పట్టుకుపోయారు. 19వ శతాబ్దం చివర్లో లండన్, న్యూయార్క్ అమీర్ల ఇళ్లల్లో ఒక మూల తివాచీలు, దిండ్లు వేసి 'టర్కిష్ కార్నర్' అని పెట్టుకోవడం పెద్ద ఫ్యాషన్. అదే దీవాన్ సముద్రం తిరిగి 'దీవాన్ కాట్' అనే పేరుతో మన పెళ్లి సామాన్ల లిస్టులోకి వచ్చింది. కింద అరలో పరుపులు కుక్కి, పైన వెల్వెట్ కప్పి ముందరి గదిలో వేస్తారే, అదే. రిజిస్టరుగా బయల్దేరి మంచమై ఇల్లు చేరింది.

బీరువా అన్న మాట ఫ్రెంచి 'బ్యూరో' నుంచి వచ్చిందంటారు. బ్యూర్ అంటే ముతక ఊలు బట్ట. రాత బల్ల మీద పరిచే బట్ట పేరు బల్లకు, బల్ల పేరు ఆఫీసుకు, ఇటు మనదగ్గర చీరలు పెట్టే అలమారాకు వచ్చింది. బస్తా సంగతీ ఇంతే. ఫార్సీలో బస్తా అంటే కట్టినది. కాయితాలను బట్టలో చుట్టి ముడేస్తే బస్తా. మనం ఇప్పుడు దాంట్లో బియ్యం పోస్తున్నాం. కచేరీ అంటే సర్కారీ దర్బారు, దక్షిణాన అదే మాట పాట కచేరీ అయింది. ఈ మాటలన్నీ ఇంటికీ ఆఫీసుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాయి. మనిషి తిరిగినట్టే మాటా తిరిగింది. ఎందుకంటే మావైపు ఆ రెండింటి మధ్యా చాలాకాలం గోడ లేదు.

ఇక ఆ గది. దేవిడీల్లో, గడీల్లో, ఓ మోస్తరు కలిగిన ఇళ్లల్లో వాకిలి దాటగానే మర్దానా వైపు ఒక పెద్ద కమ్రా ఉండేది. అదే దీవాన్‌ఖానా. మందం గోడలు, డంగు సున్నం గచ్చు, టేకు దూలాలు. నేల మీద షాబాద్ బండలు. షాబాద్ గుల్బర్గా జిల్లాలోది. 1956 దాకా మనమూ వాళ్లూ ఒకే హైదరాబాద్ రియాసత్ గనుక ఆ బూడిద రంగు బండ మా ఇళ్లన్నింటికీ వచ్చింది. బండల మీద శత్రంజీ, దాని మీద చాందినీ, అంటే తెల్లటి దుప్పటి. గోడ పక్కన మస్నద్, వెనక ఆనుకోవడానికి గావ్‌తకియా. ఎదురుగా ఒక పొట్టి పెట్టె, దానికి వాలుగా మూత. ఆ మూత మీద కాయితం పెట్టుకుని రాస్తారు, మూత ఎత్తితే లోపల కాయితాలు, ఖలమ్‌దాన్, దవాత్, మొహర్. గోడల్లో తాఖ్‌లు, అంటే గూళ్లు. ఒక దాంట్లో చిరాగ్, ఒక దాంట్లో కితాబులు, ఒక దాంట్లో పాన్‌దాన్. దర్వాజాకు చిల్మన్.

ఇంతే సామాను. కుర్చీ లేదు, బల్ల లేదు, అలమారా లేదు. పొద్దున ఆ కమ్రా దఫ్తర్. సాయంత్రం వాలు పెట్టె గోడకు జరిపితే మెహ్‌ఫిల్. దస్తర్‌ఖాన్ పరిస్తే భోజనం గది. రాత్రి పరుపు వేస్తే మెహమాన్ల పడక. ఒక గదికి ఇన్ని పనులు సాధ్యమైంది సామాను తక్కువ ఉండబట్టే. ఇప్పుడు మనం గదికొక పని పెట్టి, ఆ పనికొక బరువైన సామాను కొని, తర్వాత జాగా చాలడం లేదని ఏడుస్తున్నాం.

ఇంకో సంగతి ఉంది. పాత ఇళ్లు కొన్నప్పుడు, బాగు చేయించినప్పుడు చాలామంది కిటికీలు మరీ కిందకున్నాయని, తాఖ్‌లు నడుము ఎత్తులో ఉన్నాయని గొణుగుతారు. నేల మీద కూచున్న మనిషి కంటికి, చేతికి అందే ఎత్తు అది. కూచునే అలవాటు మారి కుర్చీ ఎక్కాక కొలతలన్నీ తప్పయినట్టు కనపడ్డాయి. రెట్రో మోడర్న్ అని తాఖ్‌ను గోడలో ఆరడుగుల ఎత్తున చెక్కి దాంట్లో బల్బు పెడుతున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ చెయ్యి అందని తాఖ్ ఏం తాఖ్?

కుర్చీ వచ్చిన తారీఖ్ కూడా చెప్పాలి. సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ చేశాడు. రియాసత్‌ను జిల్లాలుగా, తాలూకాలుగా విడగొట్టి తాలూఖ్‌దార్లను, తహసీల్దార్లను పెట్టాడు. జీతం మీద బతికే అఫ్సర్ వచ్చాడు. వాడితోపాటు మేజ్, కుర్సీ వచ్చాయి. 1880ల్లో ఫార్సీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. కుర్చీ అప్పట్లో కూచునే సామాను మాత్రమే కాదు, ఇజ్జత్ కొలిచే తక్కెడ. బ్రిటిష్ ఇలాఖాలో 'కుర్సీ నషీన్' అని పెద్దమనుషులకు సర్టిఫికెట్లే ఇచ్చేవారు, ఫలానా సాబ్ అఫ్సర్ ఎదుట కుర్చీలో కూచోవచ్చు అని. మిగతా ఖల్క్ నిలబడాలి, లేదా నేల మీద కూచోవాలి. మస్నద్ ఉన్న రోజుల్లో పెద్దా చిన్నా అందరూ నేల మీదే, తేడా మస్నద్‌కు ఎంత దూరం అన్నదాంట్లోనే. కుర్చీతో తేడా ఎత్తుకు మారింది.

నవాబుల దఫ్తర్ల కథలు వేరు. పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా బట్టల అలమారా ఒక పూర్తి దాలాన్ పొడుగుంది, ఇప్పుడు దాన్ని చూడ్డానికి టికెట్. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ ప్రపంచంలో అందరికంటే అమీర్ అని పేరు, కింగ్ కోఠీలో ఉండేది మాత్రం సాదాగా. 184 కారట్లకు పైనున్న జాకబ్ వజ్రాన్ని కాయితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకున్నాడని హైదరాబాద్ అంతా చెప్పుకునే మాట. 1995లో ఆ వజ్రంతో సహా నిజాం నగలను భారత సర్కార్ 218 కోట్లకు కొన్నది. అలంకరణ గురించి రాసేవాళ్లకు ఈ కథలంటే మహా ఇష్టం. 'నవాబీ లుక్' అంటూ షాండ్లియర్, వెల్వెట్, బంగారు అంచు అద్దం. నాకు చిరాకు కలిగేది ఇక్కడే. కొలువులో కొందరు ముసల్మాన్లు ఉన్నారు గనుక ఊళ్లలో ముసల్మాన్ల ఇళ్లన్నీ నవాబీ ఇళ్లే అన్నట్టు మాట్లాడతారు. మా మొహల్లాలో ఎక్కువ ఇళ్లకు ఒకటే కమ్రా. ఒక తఖ్త్, ఒక టీన్ సందూక్, దండెం మీద బట్టలు. తఖ్త్ కింద కోళ్లు.

మా దాదా అర్జీనవీస్. రామన్నపేట అప్పట్లో తాలూకా. తహసీల్ ఉంది, అదాలత్ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల జనం చేతిలో కాయితం పట్టుకుని అక్కడికే రావాలి. వాళ్లకు సర్కార్ జబాన్ రాదు, సర్కార్‌కు వాళ్ల జబాన్ పట్టదు. మధ్యలో అర్జీనవీస్. దాదా ఇంటి ముందరి వసారాలో తఖ్త్ మీద కూచుని, వాలు పెట్టె ముందుంచుకుని, వాళ్లు తెలుగులో ఏడ్చింది ఉర్దూలో రాసేవాడట. అదీ మా ఖాందాన్‌లో తొలి హోమ్ ఆఫీసు. దీవాన్‌ఖానాకు నకలు, కొంచెం గరీబు నకలు. కూచున్నవాడికీ నిలబడ్డవాడికీ మధ్య ఒక తఖ్త్ ఎత్తు తేడా అక్కడా ఉండేది. ఉండలేదని చెప్పను.

అసలు దఫ్తర్ ఉన్నది పట్వారీ ఇంట్లో. మాలీ పటేల్ శిస్తు వసూలు చేస్తాడు, పోలీస్ పటేల్ ఊరి పంచాయితీలు, నేరాలు చూస్తాడు, పట్వారీ లెక్క రాస్తాడు. ఈ మూడూ వంశపారంపర్యం. ఊళ్లో సర్కారీ భవనం అంటూ ఏమీ లేదు. సేత్వార్, పహాణీ, జమాబందీ, వసూల్ బాకీ అన్నీ బట్టల్లో చుట్టి, బస్తాలు కట్టి, పట్వారీ ఇంట్లో సందూక్‌లో ఉంటాయి. సందూక్ తాళం చెవి ఆయన జంధ్యానికో, మొలతాడుకో. దీని మతలబ్ ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. రయ్యత్ దున్నే భూమి ఊరి చివర ఉంటుంది. అది తనదని చెప్పే కాయితం ఇంకొకడి ఇంట్లో, ఆ ఇంటివాళ్లు పడుకునే గదిలో ఉంటుంది. అది చూడాలంటే చెప్పులు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడాలి. పట్వారీ భోంచేస్తుంటే ఆగాలి. నిద్రపోతుంటే రేపు రావాలి. కాయితంలో ఏం రాశాడో చదవలేడు, చదివించుకోవాలంటే ఇంకొకరి కాళ్లు పట్టుకోవాలి. దఫ్తర్ ఇంట్లో ఉండటం కూచున్నవాడికి ఆరామ్. నిలబడ్డవాడికి కాదు.

దేశ్‌ముఖ్ గడీ అయితే ఇదే సంగతి పదింతలు. ఎత్తు గోడలు, ఏనుగు పట్టేంత దర్వాజా, లోపల కచేరీ. అప్పు పత్రాలు, నాగుల వడ్డీ లెక్కలు, వెట్టి హాజరు అన్నీ అక్కడే. షేక్ బందగీ కథ మావైపు పెద్దలకు తెలుసు. అప్పటి నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ తాలూకాలో, కామారెడ్డిగూడెం మనిషి. విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవాళ్లతో భూమి తగాదా పడి, లాఠీ పట్టకుండా కాయితం పట్టుకుని అదాలత్‌కు పోయాడు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. కేసు గెలిచాడు. గెలిచినందుకు అతన్ని చంపేశారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన 'మా భూమి' నాటకంలో హీరో పేరు బందగీ అని పెట్టింది ఇతన్ని చూసే. కాయితం మీద నమ్మకం పెట్టుకున్న మనిషి అతను, నాకు అతని మీద ఉన్న ఖదర్‌కు అదీ ఒక వజహ్.

1946 నుంచి 1951 దాకా నడిచిన రైతాంగ పోరాటంలో జనం గడీల మీదికి, పట్వారీ ఇళ్ల మీదికి పోయినప్పుడు ముందు లాగింది ధాన్యాన్ని, తర్వాత బస్తాలను. వాకిట్లో వేసి కాల్చారు. షాండ్లియర్ పగలగొట్టడం కన్నా, అద్దాలు పగలగొట్టడం కన్నా ఆ బస్తాలు కాల్చడం వాళ్లకు ముఖ్యం. గదిలో కీమతీ సామాను ఏదో వాళ్లకు బాగా ఎరుక.

తర్వాతి సంగతులు తొందరగా చెప్తా. 1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్, 1949లో జాగీర్దారీ రద్దు, 1954-55లో ఖాస్రా పహాణీ. 1956లో భాష మారింది. ఉర్దూ చదివేవాళ్లు తగ్గారు, కాయితాలు మాత్రం ఉర్దూలోనే మిగిలాయి. అప్పటి నుంచి మా ఇంటి తఖ్త్‌కు కొత్త పని పడింది. ఇంతకుముందు తెలుగు తెచ్చి ఉర్దూ పట్టుకుపోయేవాళ్లు, ఇప్పుడు ఉర్దూ తెచ్చి తెలుగు పట్టుకుపోవడం మొదలైంది. పట్వారీల షికస్తా రాత, నుఖ్తాలు లేని గొలుసు రాత, చదవడం అందరికీ రాదు. అబ్బా ఆ కాయితాలను వెలుతురుకు పట్టుకుని ఒక్కో హర్ఫ్ విప్పుతుంటే, అవతలి మనిషి అబ్బా మొహమే చూస్తూ ఉండేవాడు. తన తాత పేరు ఆ గీతల్లో ఉందా లేదా అని. ఉంటే చాయ్ తాగి పోయేవాడు. లేకపోతే చాయ్ వద్దనేవాడు.

1984 జనవరిలో ఎన్టీఆర్ సర్కార్ ఆర్డినెన్స్ తెచ్చి పటేల్, పట్వారీ పదవులు రద్దు చేసింది. మరుసటి ఏడు సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. బస్తాలు ఇళ్లలోంచి బయటికి కదిలాయి. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్ 11న మేం నల్లగొండ జిల్లా నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాకు మారాం. 2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది, భూమి కాయితం కంప్యూటర్‌లోకి ఎక్కింది. భాంజీలాంటి పిల్లలు ఇంట్లో ఆఫీసు పెట్టుకున్న ఏడాదే ఊరి దఫ్తర్ తెరలోకి పోయింది. ఆ తెర ముందు కూడా చదవలేనివాడు ఇంకొకడి మొహం చూస్తూనే నిలబడ్డాడు. ఈసారి మీసేవ కేంద్రంలో.

ఇప్పుడు రెట్రో అని అమ్ముతున్న సామాను దగ్గరికొస్తా. జుమ్మేరాత్ బజార్ అని పాతబస్తీలో గురువారం నాడు నడిచే పాత సామాన్ల బజార్ ఉంది. అక్కడ ఓపిక ఉంటే రియాసత్ మొత్తం ముక్కలుగా దొరుకుతుంది. వంచిన కర్ర కుర్చీలు, ఇరానీ హోటళ్లలో మనం చాయ్ తాగిన కుర్చీలు. వాటి నమూనా వియన్నాలో మిఖాయిల్ థోనెట్ 1859లో చేసిన 14వ నెంబరు కుర్చీ. విడదీసి ఒక ఘనపు మీటర్ పెట్టెలో 36 కుర్చీలు సర్దేవాడట, అందుకే ప్రపంచమంతా పాకింది. ఆల్విన్ అలమారా దొరికితే మాత్రం వదలొద్దని భాంజీకి చెప్పాను. 1942లో నిజాం సర్కార్ ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్, అల్లాఉద్దీన్ అండ్ కంపెనీ కలిసి పెట్టిన కారఖానా అది. స్టీలు సామాను, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, గడియారాలు అన్నీ చేసింది. దాని అలమారా మూస్తే వచ్చే చప్పుడు ఇప్పటి చెక్క పొడి అలమారాలకు రాదు. దేవిడీలు, గడీలు కూలగొట్టినప్పుడు వచ్చిన టేకు దర్వాజాలు కూడా అమ్ముతున్నారు. వాటిని పడుకోబెట్టి మీద అద్దం వేసి రాత బల్ల చేయడం ఇప్పటి షోఖ్. ఒకప్పుడు ఎవరినో ఆపిన తలుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని మీటింగ్ చేసుకుంటున్నారు. నాకైతే అందులో ఎతరాజ్ ఏమీ లేదు. నిలువు తలుపు కన్నా అడ్డం బల్ల నయం.

దిండ్ల సంగతి మాత్రం అంత తేలిగ్గా వదలను. భాంజీ ఆన్‌లైన్‌లో చూసిన ఇకత్ దిండు గలేబు ఇకత్ కాదు, ఇకత్ బొమ్మ అచ్చు వేసిన పాలిస్టర్. రామన్నపేటలో కూచుని ఆ దిండు తెప్పించడమంటే మూసీ ఒడ్డున కూచుని ఇసుక కొనడమే. మా మండలంలోనే సిరిపురం, వెల్లంకి మగ్గాల ఊళ్లు. కాస్త అటు పోతే కొయ్యలగూడెం, పుట్టపాక, పోచంపల్లి. కొయ్యలగూడెంలో నూలు ఇకత్ దుప్పట్లు, పరదాలు, తాన్ల లెక్కన నేస్తారు. గుర్తుపట్టడం సులభం. బట్ట తిరగేయండి. అసలు ఇకత్‌లో నూలుకే ముందు రంగు పడుతుంది, తర్వాత నేత. కాబట్టి రెండు వైపులా ఒకే రంగు, బొమ్మ అంచులు కొంచెం చెదిరి, తడిసిన సిరాలా ఉంటాయి. అచ్చు బట్ట వెనక తెల్లబోతుంది, అంచులు కత్తితో కోసినట్టుంటాయి.

పుట్టపాక తేలియా రుమాల్ అయితే అరబ్ దేశాలకు, ఆఫ్రికా తీరానికి పోయిన సరుకు. మొదట చీరాలలో పేరుపొందింది, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ విద్య మావైపు వచ్చింది. ఆముదం కాయల తొక్కలు కాల్చిన బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి పిసికి ఆరబెడతారు. అందుకే తేలియా, నూనెది. ఎరుపు, నలుపు, తెలుపు, ఈ మూడే రంగులు. బట్ట మెత్తగా ఉంటుంది, ఎండలో చల్లగా ఉంటుంది, ఆ నూనె వాసన చాలాకాలం పోదు. జాలర్లు లుంగీ కట్టారు, అరబ్బులు తలకు చుట్టారు, హైదరాబాద్ దేవిడీల్లో బేగమ్‌లు దుపట్టా వేసుకున్నారు. పోచంపల్లి ఇకత్‌కు 2004-05లో, పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో జీఐ గుర్తింపు వచ్చింది. గుర్తింపు కాయితం వచ్చినా అచ్చు పాలిస్టర్ ఆగలేదు. మావైపు కాయితాల నసీబే అంత.

ఈ బట్ట పుట్టే కమ్రా గురించి ఏ అలంకరణ పుస్తకమూ రాయదు. నేతకారుల ఇంట్లోనూ ముందరి గదే పెద్దది. దాంట్లో దీవాన్ లేదు, గుంట మగ్గం ఉంది. నేలలో గుంట తవ్వి, కాళ్లు అందులో పెట్టి కూచుంటారు. మట్టి గుంటలో తేమకు పోగు తెగదు. వెలుతురు కోసం దర్వాజా పక్కనే మగ్గం. ఇల్లంతా దాని చుట్టూ ఒదిగి బతకాలి. పొయ్యి ఒక మూల, పిల్లల పుస్తకాలు ఒక మూల, ముసలాయన మంచం వాకిట్లో. ఇది పట్వారీ దఫ్తర్ అంత పాత హోమ్ ఆఫీసు. ఇక్కడ కూచున్నవాడికి మాత్రం ఎత్తు లేదు, నేలకన్నా కిందనే. మాస్టర్ వీవర్ లెక్కల పుస్తకం తెచ్చి గడపలో నిలబడితే, ఇంటాయన గుంటలోంచి తలెత్తి మాట్లాడాలి.

ఆడవాళ్ల పని ఆ గదిలోనే గోడ పక్కన. ఆసు పోయడం. అర్ధచంద్రంలా బిగించిన మేకుల చుట్టూ పోగును అటూ ఇటూ తిప్పాలి. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. ఆలేరు దగ్గర శారాజిపేట చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ ఇచ్చారు. అదే పని దీవాన్‌ఖానాలో మగవాడు చేసి ఉంటే దానికొక ఓహ్‌దా, ఒక ఫార్సీ పేరు ఉండేవి. కూలీ లెక్కలో చాలా ఇళ్లల్లో ఆసుకు వేరే ఖానా కూడా లేదు. చీర ధరలోనే కలిసిపోయింది, ఇంటిపని లెక్కన.

భాంజీ చివరికి ఏం చేసిందంటారా. ఆకుపచ్చ రంగు మానేసి సున్నం కొట్టించింది. షాబాద్ బండల మీద టైల్స్ వేయిద్దామన్న మేస్త్రీ మాట వినకుండా వాటినే పాలిష్ పట్టించింది. దాదా వాలు పెట్టె అటక మీంచి దించి, దాని మూత మీద ల్యాప్‌టాప్ పెట్టి చూసింది. జారిపోతోంది. కింద ఒక పట్టీ కొట్టించింది, ఇప్పుడు నిలుస్తోంది. రోజులో సగం నేల మీద, సగం కుర్చీలో. ఇక పరదాలకు, దిండ్లకు బట్ట కావాలి, పోదాం పద అని సిరిపురం తీసుకుపోయాను.

అక్కడ మాకు తెలిసిన ఒక ఇంటికి పోయాం. ముందరి గదిలో మగ్గం లేదు. పెద్దాయనకు మోకాళ్లు పోయాయి, కొడుకు మగ్గం ఎక్కలేదు. డిగ్రీ చదివి హైదరాబాద్‌లో ఏదో కంపెనీకి ఇంటి నుంచే ఫోన్లు మాట్లాడే పని చేస్తున్నాడు. మేం పోయేసరికి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఇంగ్లీషులో ఎవరికో నచ్చజెబుతున్నాడు. మమ్మల్ని చూసి చెయ్యెత్తి, కూచోమని సైగ చేశాడు. ప్లాస్టిక్ కుర్చీ, ఇనుప బల్ల, మీద కంప్యూటర్. గది చుట్టూ పాత షాబాద్ బండలే, నల్లబడి నున్నగా ఉన్నాయి. బల్ల కింద మాత్రం మూడడుగుల మేర తెల్లటి కొత్త సిమెంటు, గుంట పూడ్చిన చోటు. కుర్చీ కాళ్లు రెండు బండ మీద, రెండు సిమెంటు మీద ఉన్నాయి. ఎత్తు కొంచెం తేడా ఉన్నట్టుంది, అతను కదిలినప్పుడల్లా కుర్చీ టక్ టక్ మంటోంది. పెద్దాయన వాకిట్లో మంచం మీద కూచుని, లోపలి దుకాణాల్లో బట్టలు ఇంకా ఎవరెవరి దగ్గర దొరుకుతాయో భాంజీకి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు. నాలుగు ఇళ్ల పేర్లు చెప్పాడు.